నాలుగో మూలకు బొట్టు

కుప్పయ్య లెక్కలో చించనిది టికెట్టు కాదు. ముప్పై మూడేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి. ఆయన చించిన టికెట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటూ పోతే అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కి, మళ్లీ దిగి వచ్చి, ఇంకా ఒక కట్ట మిగులుతుందని ఆయనే చెప్తాడు. నాగలాపురంలో ఎక్కిన మేక ఒకటి కిటికీ పక్క సీట్లో బుద్ధిగా కూర్చుంటే దానికి అర టికెట్టు కొట్టాననీ, దోవలో చెకింగు వాళ్లు ఎక్కితే అది దవడలో దాచుకున్న టికెట్టును నమలకుండా తీసి చూపించిందనీ కూడా చెప్తాడు. మేక సంగతి ఎవరిష్టం వాళ్లది. కుప్పయ్య బస్సులో టికెట్టు లేకుండా ఒక్క ప్రాణి కూడా ప్రయాణం చెయ్యలేదన్నది మాత్రం చిత్తూరు బస్టాండులో ఎవరినడిగినా ఒప్పుకుంటారు.

అలాంటి మనిషి ఈ ఏడాది రెండుసార్లు టికెట్టు లేక గేటు బయట నిలబడిపోయాడు.

రెండుసార్లూ మనవరాలు సుజన ఆట చూడటానికే. సుజన ఆయన కూతురు రాజశ్రీ బిడ్డ. పదేళ్లు వచ్చేదాకా చిత్తూరులో తాత దగ్గరే పెరిగింది. ఇంటి ముందర ముగ్గుపిండితో గీత గీసి ఆ పిల్లకు కబడ్డీ నేర్పించింది కుప్పయ్యే. కూత నిలవడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి ఏ కోచ్‌కూ తట్టి ఉండదు. చిత్తూరు, కాణిపాకం క్రాసు, పూతలపట్టు, పనపాకం, చంద్రగిరి అంటూ తిరుపతి దాకా స్టేజీల పేర్లన్నీ ఊపిరి తీయకుండా అప్పజెప్పాలి. మధ్యలో ఊపిరి తీస్తే బస్సు ఆగిపోయినట్టు లెక్క. మళ్లీ చిత్తూరు నుంచి బయలుదేరాలి. ఇప్పుడా పిల్లకు ఇరవై ఏళ్లు. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చిత్తూరు మహిళల జట్టులో కూతకు వెళ్లేవాళ్లలో మొదటి పేరు ఆమెదే.

మొదటి ఆట మదనపల్లెలో. కుప్పయ్య గంట ముందే వెళ్లి కౌంటరు ముందు నిలబడ్డాడు. కౌంటరంటే గోడకు చిన్న కిటికీ. దాని మీద పాత రంగుతో ‘టిక్కెట్లు’ అని రాసి ఉంది. ఆ కిటికీ తెరుచుకోలేదు. ఆట అయిపోయి జనం బయటికి వస్తుంటే ఎవరో చెప్పారు, టికెట్లన్నీ ఫోన్లోనే అమ్మేశారని. రెండోది తిరుపతిలో సెమీఫైనల్. ఈసారి ఒక పరిచయస్తుడు రెండు వందలు తీసుకుని ఫోన్లోని టికెట్టును కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. గేటు దగ్గర మిషన్ దాన్ని చూసి ఎర్రగా మెరిసింది. ఆ టికెట్టు మీద అప్పటికే ఒకరు లోపలికి వెళ్లిపోయారట. కుప్పయ్య వెనకాల ఇంకో ముగ్గురు అదే కాగితం పట్టుకుని, తమ వంతు కోసం ఓపిగ్గా చూస్తున్నారు.

ఫైనల్ ఆదివారం సాయంత్రం అయిదింటికి, మళ్లీ తిరుపతిలోనే. గురువారం సుజన ఫోన్ చేసింది.

“తాతా, అమ్మకూ నాయనకూ పాసులు ఇచ్చినారు. నీకూ అవ్వకూ గూడా అడుగుతా.”

“పాసా?” కుప్పయ్య మీసం లేచి నిలబడింది. “ముప్పై మూడేండ్లు పాసుగాళ్లతో కొట్లాడినోణ్ని. ఇప్పుడు నేను పాసు పట్టుకోని లోపలికి పోవల్లనా? టికెట్టు కొనుక్కునే వొస్తా.”

“రెండు తూర్లూ అదే సెప్పినావు.” సుజన గొంతు పెంచింది. “సెమీస్‌లో నేను ఎందుకు అవుటయినానో తెలుసునా? కూతకు పోయి, నీ తెల్ల పంచె యాడుండాదా అని గ్యాలరీ పక్క సూసినా. కాలు పట్టేసినారు. మదనపల్లిలోనూ అంతే. ఈ తూరి గూడా నువ్వు గేటు బయటే నిలబడేటట్టయితే ఇప్పుడే సెప్పేయి తాతా. ఇంగ నిన్ను పిలవను. ఎవురి కోసమూ సూడకుండా ఆడుకుంటా.”

ఫోన్ పెట్టేసింది. బస్సులో ఎంతమంది ఎన్ని తిట్లు తిట్టినా కుప్పయ్య మొహం అలా వాడిపోయి ఎరుగదు. చొక్కా వేసుకుని వీధిలోకి నడిచాడు.

బస్టాండు పక్కన మునిచంద్ర టీ అంగట్లో దామోదరం కూర్చుని ఉన్నాడు. దామోదరం మామిడికాయల మండీలో గుమాస్తాగా చేసి మానేసినవాడు, కుప్పయ్య ఈడువాడు. సంగతి విని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“ఫోన్లో టికెట్టా? వొద్దప్పా. మా బామ్మర్ది మదరాసులో క్రికెట్టు ఆటకు ఫోన్లో కొన్నాడు, నాలుగు వేలు పెట్టి. దోవలో చెరుకురసం తాగుదామని ఆగినాడు. గలాసు అందుకునేదానికి వంగినాడో లేదో, పైజేబులో ఫోను జారి మిషన్లో పడింది. చెరుకుతో పాటు ఆట గూడా రసమైపాయె.”

“రసం ఎట్ల ఉన్నింది?” అడిగాడు మునిచంద్ర, టీ వడగడుతూ.

“నాలుగు వేల రసం. పారబొయ్యడానికి మనసు రాక తాగేసినాడు.”

మునిచంద్ర నవ్వలేదు. “నాకేమో ఇంగో భయం కుప్పయ్యన్నా. దుడ్లు పోతాయి, టికెట్టు రాదు. కిటికీలో మనిషుంటే చొక్కా పట్టుకోని అడగొచ్చు. ఫోన్లో ఎవుని చొక్కా పట్టుకునేది?”

అతని గల్లాపెట్టె మీద నలుపు తెలుపు గళ్ల అట్ట ఒకటి నిలబెట్టి ఉంది. వచ్చేవాళ్లు దానికి ఫోన్ చూపించి టీ డబ్బులు కట్టి పోతున్నారు. కుప్పయ్య దానివైపు వేలు చూపించాడు. “మరి నువ్వు పొద్దస్తమానం దాంట్లోనే గదా తీసుకుంటాండావు?”

“తీసుకునేదానికి భయమేంది? ఇచ్చేదానికే భయం.”

“సరే, దామోదరం కోడలు నెలనెలా ఫోన్లో దర్శనం టికెట్టు కొంటాది. ఆయమ్మకు లేని భయం మీకెందుకు?”

“స్వామి మోసం చేస్తాడా?” అన్నాడు దామోదరం. “ఆయనకు మన పేరు, గోత్రం తెలుసు. కబడ్డీ వోళ్లకు మనమెవురు?”

కుప్పయ్య టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. “ఆదివారం అయిదింటికి నేను లోపల ఉంటా. కొనుక్కున్న టికెట్టుతో. లేకపోతే సోమవారం ఈ అంగట్లో మేక కతను వెనక్కి తీసుకుంటా.”

ఇద్దరూ నోరు తెరిచారు. ఆ కథను కుప్పయ్య వెనక్కి తీసుకోవడమంటే చిన్న విషయం కాదు.

కోర్టు వెనక వీధిలో రెబెకా నెట్ సెంటరు ఉంది. దర్శనం టికెట్లు తెరిచే రోజున చిత్తూరులో సగం మంది ఆమె దగ్గరే ఉంటారు. ఆమె చెయ్యి మంచిదని పేరు. మిగతా చోట్ల గడియారం తిరుగుతూనే ఉంటుంది, రెబెకా నొక్కితే టికెట్టు వచ్చి పడుతుంది. ఆదివారమైతే అంగడి మూసి చర్చికి పోయే రెబెకా చేతి మీదుగా కొండెక్కిన వాళ్లను లెక్కపెడితే నాలుగు బస్సులు చాలవు.

“ఆధార్ తెచ్చినావా తాతా? అవ్వది గూడా?” అంది రెబెకా, కుర్చీ జరిపి.

“కబడ్డీకి ఆధారెందుకమ్మా?”

“నాకు అలవాటైపోయింది. ఉండనీ, జెరాక్సు జేబులో పెట్టుకో. దేనికైనా పనికొస్తుంది.”

“అలవాటంటాండావు గాబట్టి అడుగుతా. టికెట్టుకొక లడ్డు గూడా ఇస్తారా?”

“అవుటయిన పిల్లోళ్లకు ఇస్తారేమో అడుగు,” అని నవ్వి, రెండు సీట్లు పట్టింది. ఇంటి ప్రింటరు లాంటి చిన్న మిషన్లోంచి రెండు కాగితాలు బయటికి వచ్చాయి. ఒక్కో దాని మధ్యలో చీమలు బారులు తీరినట్టు నల్ల చుక్కల చదరం. కింద పేరు, వరుస, సీటు, పొడుగాటి నంబరు.

కుప్పయ్య కాగితాన్ని ఎత్తి వెలుతురులో చూశాడు. “దీన్ని ఇంగో పది కాపీలు తీస్తే?”

“తీసుకో. మొదట మిషన్ దేన్ని చూస్తే దానికే లోపలికి దోవ. మిగతా తొమ్మిదీ చిత్తు కాగితాలే. పోయిన తూరి నిన్ను మోసం చేసింది అట్లనే గదా.”

“అంటే మిషన్ సూడ్డమే చించడం అన్నమాట.”

“అనుకో.”

ఆ పద్ధతి మీద కుప్పయ్యకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. కానీ వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. మిషన్ కంటపడితే చాలు చినిగిపోతుందంటే, దీన్ని మనుషుల కంట కూడా పడనివ్వకూడదు. కాగితాలు మడిచి చొక్కా లోపల దాచుకుని, దోవలో దామోదరం “ఏదప్పా చూపించు” అని వెంటపడినా చూపించకుండా ఇల్లు చేరి, భార్య గురవమ్మ చేతికిచ్చాడు.

“మే, దీన్ని ఎవురికీ చూపించొద్దు.”

“దేవుని కాడ పెడతా. ఆడికి ఎవురొస్తారు?” అంది గురవమ్మ.

ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కేముందు ఆమే వాటిని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పూజలో పెట్టిన పువ్వు ఒకటి తోడు వేసి ఇచ్చింది. కుప్పయ్య విప్పి చూడలేదు. చంద్రగిరి దగ్గర రోడ్డు పని జరుగుతుంటే బస్సు ఆగి ఆగి నడిచింది. తిరుపతిలో ఆటో దిగి స్టేడియం గేటు చేరేసరికి అయిదుకు పది నిమిషాలు ఉంది. గేటు మీద ‘టికెట్లు అయిపోయినవి’ అని కాగితం అంటించారు. కుప్పయ్య దాన్ని చదివి, పక్కనున్న వాళ్లను కొంచెం గర్వంగా చూసి, వరుసలో నిలబడ్డాడు.

గేటు దగ్గర మిషన్ పట్టుకున్న అబ్బాయి మెడలో ధర్మేంద్ర అని పేరున్న కార్డు వేలాడుతోంది. కుప్పయ్య కవరు విప్పి కాగితం అతని ముందు పరిచాడు. ఇద్దరూ ఒకేసారి వంగి చూశారు.

“ఇదేంది తాతా,” అన్నాడు ధర్మేంద్ర, “పెండ్లి పత్రికా?”

నల్ల చుక్కల చదరానికి మూలల్లో మూడు చిన్న గడులు ఉంటాయి. ఆ మూడు గడుల్లోనూ నిండుగా పసుపు, పసుపు మీద కుంకుమ. నాలుగో మూలలో గడి లేకపోయినా, అక్కడ మిగతా వాటికన్నా పెద్ద బొట్టు. తడి పసుపుకు అచ్చు సిరా కరిగి, చీమల బారులు ఎటుపడితే అటు పారిపోయి ఉన్నాయి. రెండో కాగితమూ అంతే. ఇంకా శ్రద్ధగా.

“మే,” అన్నాడు కుప్పయ్య నెమ్మదిగా. “ఇదేంది?”

“బొట్టు.” గురవమ్మ గొంతులో తప్పు చేసిన జాడ లేదు. “బిడ్డ గెలవల్లని పోతాంటే కాయితానికి బొట్టు పెట్టకుండా తీసకపోతామా? వాళ్లే మూడు మూలల గడులు గీసి పెట్టినారు. నాలుగో మూలకు మరిచిపోయినారు. నేను మరవలే.”

“అవి బొట్టుకని గీసినవి కాదు అవ్వా,” అన్నాడు ధర్మేంద్ర.

“మరి దేనికంట? ముని అంగట్లో ఆ అట్టకు శుక్రవారం శుక్రవారం పెట్టరా?”

“దానికి పైన అద్దముండాది మే, తుడిస్తే పోతాది!” అన్నాడు కుప్పయ్య.

ధర్మేంద్ర మంచివాడే. మిషన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి నాలుగుసార్లు చూపించాడు. నాలుగుసార్లూ ఎర్రగా మెరిసింది. వెనక వరుస గొణుగుతోంది. “ఫోన్లో ఉంటే చూపించు తాతా” అన్నాడు. కుప్పయ్య జేబులోంచి బటన్ల ఫోన్ తీసి చూపించాడు. దాంట్లో మాట్లాడటం తప్ప ఇంకేమీ కుదరదు. రెబెకాకు చేస్తే ఫోన్ ఆపేసి ఉంది. ఆదివారం సాయంత్రం, ప్రార్థనలో ఉండి ఉంటుంది.

“ఆ టెంటు కాడికి పొండి. కంప్యూటర్లో నంబరు చూసి వేరే చీటీ ఇస్తారు. నా చేతిలో ఏమీ లేదు.”

కుప్పయ్య భార్యవైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

“తిట్టు,” అంది గురవమ్మ. “తిడితే గేటు తెరుస్తారంటే తిట్టు. లేకపోతే నడువు.”

లోపల మైకులో ఒక్కో ఆటగత్తె పేరూ పిలుస్తున్నారు. “చిత్తూరు జట్టు... సుజన!” అన్న మాట గోడ దాటి వచ్చింది. దాని వెనకే ఈలలు. కుప్పయ్య నోరు మూసుకుని, పంచె ఎగ్గట్టి, టెంటు వైపు అడుగు వేశాడు. బస్సు వెనక పరుగెత్తే ప్రయాణికులను జీవితమంతా చూసిన మనిషి ఆ పూట వాళ్లకన్నా గట్టిగా నడిచాడు.

టెంటు కింద ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, దాని ముందు భానుప్రియ అనే పాతికేళ్ల అమ్మాయి. ఆమె చుట్టూ ముప్పై మంది. అందరి చేతుల్లోని ఫోన్లూ ఆమె ముక్కు మీదే ఉన్నాయి. ఒకాయన ఫోన్లో చార్జింగు అయిపోయింది, టికెట్టు దాంట్లోనే ఉంది. ఇంకొకాయనకు డబ్బులు పోయాయి, టికెట్టు రాలేదు. పలమనేరు నుంచి వచ్చిన ఒకాయన టికెట్టు కొన్న సంతోషం పట్టలేక దాన్ని ఇంటిల్లిపాదికీ పంపించాడు. వాళ్ల బామ్మర్ది దాంతో ముందే లోపలికి వెళ్లి కూర్చుని, “మామా, యాడుండావు?” అని లోపలినుంచే ఫోన్ చేస్తున్నాడు. ఒకావిడ నాలుగు టికెట్లూ భర్త ఫోన్లో పెట్టింది. భర్త ఒక్కడే లోపలికి పోయాడు.

“ఇందుకే కౌంటరు పెట్టమనేది!” అని ఒకరు. “ముందు నాది చూడు పాపా!” అని ఇద్దరు. “మాది అనంతపురం, అంత దూరం నుంచి వచ్చినాము!” అని ముగ్గురు.

“ఒక్కొక్కరుగా రండి, ఒక్కొక్కరుగా...” అంటున్న భానుప్రియ గొంతు ఆమెకే వినపడటం లేదు. అయిదు నిమిషాల్లో ఒక్క చీటీ కూడా బయటికి రాలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ల్యాప్‌టాప్ మూత సగానికి దించింది.

కుప్పయ్యకు ఆ మూత సంగతి బాగా తెలుసు. సంత రోజుల్లో జనం మీద పడితే కొత్త కండక్టర్లు టికెట్ల కట్ట మూసేసి, బస్సు దిగి పోయేవాళ్లు. మూత పూర్తిగా దిగిందంటే ఇంక ఎవరికీ దోవ లేదు. తోసుకుని ముందుకు పోతే తన వెనకాల ముప్పై మందీ తోస్తారు. వరుస కదిలితే తప్ప తాను కదలడు.

“హోల్డాన్!”

ఆ అరుపు విని టెంటు అవతల రోడ్డు మీద పోయే ఆటో కూడా ఆగిందంటారు. ముప్పై మందీ ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయారు. బస్సు జనానికి ఆ మాట చెవిలో పడితే కాలు దానంతట అదే ఆగుతుంది.

“దుడ్లు పోయి టికెట్టు రానోళ్లు ఎడమ పక్క. నంబరు చేతిలో ఉండేవోళ్లు కుడి పక్క. ఎవురు ముందొస్తే వాళ్లు ముందు. నేను ఇప్పుడే వొచ్చినా, నేను కుడిపక్క కడాన. మే, నువ్వు నా వెనక. పాపా, మూత ఎత్తమ్మా. నువ్వు ఎవురి ఫోనూ ముట్టుకోవద్దు, తల ఎత్తొద్దు. నేను నంబరు చదువుతా, నువ్వు కొట్టు.”

“నువ్వెవురు తాతా?” అంది భానుప్రియ.

“కండక్టరును.”

ఆమె మూత ఎత్తింది. కుప్పయ్య వరుసలో తన చోట గురవమ్మను నిలబెట్టి, మొదటి ఫోన్ అందుకుని, గొంతు సవరించుకున్నాడు.

“సి చిత్తూరు. పి పూతలపట్టు. కె కాణిపాకం. నాలుగు. తొమ్మిది. టి తిరుపతి. రెండు. అయ్యిందా? పేరు చెప్పప్పా. చీటీ తీసుకో. రైట్ రైట్! ముందుకు జరగండి, ముందుకు జరగండి!”

నిమిషానికి ఒకరు. ఒక్కోసారి ఇద్దరు. లోపలినుంచి జనం ఒక్కసారిగా హోరెత్తినప్పుడల్లా కుప్పయ్య ఒకసారి గేటు వైపు చూసేవాడు. చూస్తూనే తర్వాతి నంబరు అందుకునేవాడు. చార్జింగు అయిపోయిన ఆయనకు వెనకున్న ఆవిడ తన ఫోన్లో ఆయన మెయిలు తెరిచి నంబరు తీసి ఇచ్చింది. పలమనేరు ఆయన బామ్మర్దిని ఫోన్లోనే బయటికి పిలిపించాడు కుప్పయ్య. “టికెట్టు నీదా మీ మామదా? ఆయన దుడ్లు పెట్టినాడు, ఆయన కూర్చుంటాడు. దిగు.” స్టేడియంలోంచి మనిషిని ‘దిగు’ అన్నది ఆయన ఒక్కడే అయి ఉండాలి. బామ్మర్ది దిగాడు.

“తాతా, నువ్వు పోవా? ముందు నీది కొట్టుకో,” అంది భానుప్రియ అయిదారుగురు అయ్యాక.

“ఇప్పుడు నేను మధ్యలో దూరితే ఈ వరుస నిలబడదమ్మా. ఇంగ పదకొండు మంది. కొట్టు. ఎమ్ మదనపల్లి.”

పదకొండు మందీ అయ్యారు. గురవమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కుప్పయ్య పసుపు కాగితాలు పరిచాడు. బొట్లు చదరాన్ని తినేశాయి కానీ కింద నంబరు జోలికి పోలేదు. తన నంబరు తాను చదువుతుంటే మాత్రం ఒక అంకె తడబడింది. మళ్లీ చదివాడు.

“దీనికి రిజిస్టరైన ఫోన్ వేరేవాళ్లది. వాళ్లెవరు?”

“కొనిచ్చినామె. చర్చిలో ఉండాది.”

“మరి నువ్వే ఈ కుప్పయ్యవని ఎట్ల నమ్మేది తాతా? గుర్తింపు కార్డు ఏమన్నా...”

కుప్పయ్య జేబులోంచి రెండు జెరాక్సులు తీసి బల్ల మీద పెట్టాడు. రెబెకా అలవాటుకు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాడు. చీటీలు వచ్చాయి. వెనకాల ఆ తర్వాత వచ్చి చేరినవాళ్లు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. భానుప్రియ భయంగా చూసింది. కుప్పయ్య వరుసలో మొదటున్న ఆవిడను బల్ల పక్కన నిలబెట్టి, “ఊళ్ల పేర్లు తెలుసు గదా తల్లీ? చదువు, పాప కొడతాది. బిన్నే కానీ, ఆలస్యమైపోతాది,” అని చెప్పి వెనక్కి చూడకుండా గేటు వైపు పరుగు తీశాడు. ధర్మేంద్ర చీటీని మిషన్‌కు చూపించాడు. పచ్చగా మెరిసింది.

మొదటి సగం అయిపోయింది. రెండో సగం కూడా మొదలైపోయింది. బోర్డు మీద అనంతపురం ఇరవై ఆరు, చిత్తూరు పద్దెనిమిది. గ్యాలరీలో తమ సీట్లలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఇంకో రోజైతే లేపి పంపేవాడే. ఇప్పుడు సీటు సంగతి తలుచుకోకుండా మెట్లు దిగి, కింది కటకటాల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. గురవమ్మ కొంగు నడుముకు దోపి పక్కన నిలబడింది.

సుజన ఆటలో లేదు. అవుటయిన వాళ్ల బల్ల మీద, మోకాళ్ల మీద మోచేతులు పెట్టి కూర్చుని ఉంది. మోచెయ్యి గీసుకుపోయి ఎర్రగా ఉంది. ఆమె చూపు ఆట మీద లేదు, నేల మీద ఉంది.

“సుజనా!” అని అరిచింది గురవమ్మ. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

కుప్పయ్య అరవలేదు. భుజం మీది తువ్వాలు తీసి, బస్సును ఆపేవాడిలా చెయ్యి చాచి ఊపుతూ నిలబడ్డాడు. అందరూ ప్యాంట్లూ రంగు చొక్కాలూ వేసుకున్న ఆ గ్యాలరీ అడుగున ఒకే ఒక్క తెల్ల పంచె. ఎంతసేపు ఊపాడో తెలియదు. చిత్తూరు పిల్లలు అనంతపురం కూతను పట్టేశారు. ఒక పాయింటు వచ్చింది, బల్ల మీంచి ఒకరు ఆటలోకి తిరిగి రావచ్చు. రిఫరీ చెయ్యెత్తి సుజనను పిలిచాడు. సుజన లేచింది. లేచేటప్పుడు చూసింది.

నవ్వలేదు. చెయ్యి ఊపలేదు. జడను గట్టిగా లాగి బిగించుకుంది. అంతే.

తర్వాతి కూత ఆమెదే. మధ్యగీత దాటి, కుడివైపుకు పోతున్నట్టు పోయి, ఎడమవైపు మూలనున్న పిల్ల భుజం తాకి, వెనక్కి తిరిగేలోపు మీదపడిన ఇద్దరినీ ఈడ్చుకుంటూ గీత మీద వేలు పెట్టింది. మూడు పాయింట్లు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఆరుసార్లు కూతకు వెళ్లింది. ఒక్కసారి కూడా గ్యాలరీ వైపు తల తిప్పలేదు. ఇక వెతకాల్సిన పని లేదు.

ముప్పై ఒకటికి ముప్పై. ఒక్క పాయింటు తేడాతో చిత్తూరు ఓడిపోయింది. కుప్పయ్య మునిచంద్ర అంగట్లో ఈ కథ చెప్పేటప్పుడు సుజన చివరి కూతలో ఏడుగురినీ, రిఫరీనీ, నేల మీది చాపలో సగాన్నీ ఈడ్చుకొచ్చిందని చెప్తాడు. అయినా ఎందుకు ఓడిపోయారని దామోదరం అడిగితే, చాపకు పాయింట్లు ఇవ్వరు గదప్పా అంటాడు.

ఆట అయ్యాక సుజన మోచేతికి మంచుముక్క అదుముకుంటూ బయటికి వచ్చింది. రాజశ్రీ కూతురికి చున్నీ కప్పబోతే తప్పించుకుని తాత ముందుకు వచ్చి నిలబడింది.

“ఫస్టాఫంతా యాడికి పోయినావు?”

“డ్యూటీలో ఉన్నింటి.”

“ఏం డ్యూటీ? నీకు రిటైరై పన్నెండేండ్లు.”

“మీ అవ్వనడుగు, సెప్తాది.”

గురవమ్మ మాట మార్చింది. “ఒక్క పాయింటు కదే! ఇంగొక్కటి తాకింటే...”

“మొదటినుంచీ వచ్చింటే తాకిందును అవ్వా.” సుజన మంచుముక్కను ఇంకో చేతికి మార్చుకుంది. కుప్పయ్య తువ్వాలు తీసి, మంచు నీళ్లు కారుతున్న ఆమె మోచెయ్యి తుడిచాడు. సుజనే మళ్లీ అంది. “వచ్చేనెల పద్నాలుగు. కర్నూలులో. కోచ్ నన్ను కెప్టెన్ చేస్తానంటాండాడు.”

“పిలుస్తాండావా, సెప్తాండావా?” అన్నాడు కుప్పయ్య.

“పిలుస్తాండా. ఆట మొదలయ్యే లోపల రావల్ల.”

“టికెట్లు ఎప్పుడు తెరుస్తారు?”

“బుధవారం. పొద్దున పదింటికి.”

బుధవారం తొమ్మిదింపావుకు రెబెకా అంగడి తలుపు తీసేసరికి కుప్పయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన దామోదరం, మునిచంద్ర. కర్నూలుకు వాళ్లూ వస్తారట. దుడ్లు పోతే పోయాయి, చొక్కా పట్టుకోవడానికి కుప్పయ్య ఉన్నాడు గదా అన్నాడు మునిచంద్ర.

“పదింటికి గదా తాతా?” అంది రెబెకా.

“తెలుసు. నువ్వు పక్కకు జరుగు. యాడ నొక్కల్లనో చూపించు. ఈ తూరి నేనే కొంటా.”

“నా చెయ్యి మంచిదని అందరూ నా దగ్గరికొస్తే, నువ్వు నన్నే లేపుతాండావా?”

“నీ చెయ్యి మంచిదేనమ్మా. పద్నాలుగో తేదీ ఆదివారం. నువ్వు చర్చిలో ఉంటావు. గేటు కాడ నేను ఉండల్ల.”

రెబెకా లేచి కుర్చీ ఇచ్చింది. కుప్పయ్య కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. ఎక్కడ పేరు కొట్టాలి, ఎక్కడ సీటు ఎంచాలి, డబ్బులు ఎక్కడ కట్టాలి అని మూడుసార్లు అడిగి, మూడుసార్లు చూపుడువేలితో గాల్లో నొక్కి చూసుకున్నాడు. మంచి సీట్లు క్షణాల్లో అయిపోతాయని రెబెకా చెప్తే, “సంతరోజు సత్యవేడు బస్సు కన్నా బిన్నే అయిపోతాయా?” అన్నాడు.

తొమ్మిది యాభై తొమ్మిది. కుప్పయ్య చూపుడువేలు అప్పటికే మౌసు మీద ఉంది.

“ఇంకా నిమిషముంది తాతా, చెయ్యి తీసి పెట్టుకో,” అంది రెబెకా.

కుప్పయ్య తీయలేదు.